వడిసెల రాయి బయటికి గుంజుతుంది కదా, మరి వదిలితే పక్కకెందుకు పోతుంది?

చేనుగట్టు:
మా పాప ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. నిన్న వృత్త చలనం చదువుతూ అపకేంద్ర బలం, అంటే తిరిగేదాన్ని బయటికి గుంజుతుందనే బలం, నిజం బలం కాదు నాన్నా అంది. నాకు ఒప్పబుద్ధి కాలేదు, చిన్నప్పుడు జొన్నచేలో మంచెక్కి పిట్టల్ని తోలడానికి వడిసెల (రాయి పెట్టి తిప్పి విసిరే తాడు) తిప్పీ తిప్పీ వేలు ఒరుసుకుపోయేది, ఆ గుంజుడు ఉత్తదేనా? పైగా బయటికే గుంజే రాయి వదిలితే బయటికే పోవాలిగా, పోదు. అది నేను చూసిందే.

సున్నా మార్కులు:
గుంజుడు నిజమేనండి, కానీ అది మీ వేలి మీద, రాయి మీద కాదు. రాయిని తాడు లోపలికే లాగుతోంది, ఆ లాగుడే అభికేంద్ర బలం, అదే లేకపోతే రాయి ఆ క్షణంలో ఎటు పోతోందో అటే తిన్నగా పోతుంది, అంటే టాంజెంట్ మీద. వదలడమంటే లోపలి లాగుడు ఆపడమే, బయటికి ఎవరూ నెట్టట్లేదు. రాయి మీద కూర్చుని తిరిగేవాడికి రాయి కదలనట్టే ఉంటుంది, వాడు లెక్క కట్టాలంటే మాత్రం అపకేంద్రం కలుపుకోవాలి, పాప చెప్పింది దాని గురించి.
లెక్క కూడా చూడండి: 100 గ్రాముల రాయి, 80 సెంటీమీటర్ల తాడు, సెకనుకి 2 చుట్లు. వేగం సెకనుకి 10 మీటర్లు, లాగాల్సిన బలం దాదాపు 12.6 న్యూటన్లు, అంటే కిలోంబావు బరువు వేలాడుతున్నట్టు! వేగం రెట్టింపు చేస్తే బలం నాలుగింతలు, వేలు ఒరుసుకోక ఏమవుతుంది.

మంచె మీద మామ:
ఫార్ములాలు నాకు రావు గానీ మా తాత ఒకటే చెప్పేవాడు, రాయి ముందుకొచ్చినప్పుడు వదిలితే పక్కోడి చేలో పడుద్దిరా, పక్కనున్నప్పుడే వదులు అని. ఇప్పుడర్థమైంది. పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురుగా తిరిగే వడిసెలైతే రాయి కుడిపక్కకి రాగానే వదలాలి, అప్పుడే ముందుకి పోద్ది.

తిక్కప్రశ్న:
చిన్న సవరణ. తాడు ఎప్పుడూ పూర్తిగా అడ్డంగా ఉండదు, రాయి బరువుని కూడా అదే మోయాలి కాబట్టి పై లెక్కలో ఓ నాలుగు డిగ్రీలు కిందికి వాలుతుంది. ఇంకా, వేగం పెంచేటప్పుడు తాడు కచ్చితంగా కేంద్రం వైపే లాగదు, మన మణికట్టు చిన్న సున్నా చుడుతూ రాయికంటే కాస్త ముందుంటుంది, ఆ కొంచెం ముందు లాగుడే స్పీడు పెంచేది. అన్నట్టు అపకేంద్రం అనే పేరు, లెక్క డచ్ శాస్త్రవేత్త హైగెన్స్‌వి, 1659 నాటివి, అభికేంద్రం అన్న మాట తర్వాత న్యూటన్ పెట్టింది.

చేనుగట్టు:
వేలు మీద, రాయి మీద అని విడదీశాక తలకెక్కిందండి, థాంక్స్. పాప ఇప్పుడు వడిసెల కట్టివ్వమని కూర్చుంది. రాయి మాత్రం ఇవ్వను, తడిబట్ట ఉండ చుట్టి ఇస్తా, మాది అపార్ట్‌మెంటు.