ఆసియాన్ మానవ హక్కుల ప్రకటన: జనాన్ని అడిగారా, అడిగామనిపించుకున్నారా?

ఓరుగల్లు వకీలు
2012 నవంబర్ 18న కంబోడియా రాజధాని నాంపెన్‌లో, ఆగ్నేయాసియా దేశాల కూటమి అయిన ఆసియాన్‌లోని పది దేశాల నాయకులు మానవ హక్కుల ప్రకటనను ఆమోదించారు. దాన్ని తయారు చేసింది 2009లో ఏర్పడిన ఆసియాన్ ప్రభుత్వాల మానవ హక్కుల కమిషన్. 2012 జూన్‌లో కౌలాలంపూర్‌లో, సెప్టెంబర్‌లో మనీలాలో పౌర సంఘాలను పిలిచి మాట్లాడారు. ముసాయిదాను మాత్రం అధికారికంగా బయటపెట్టలేదు. కాగితం చూపించకుండా అభిప్రాయం చెప్పమంటే అది ప్రజాభిప్రాయ సేకరణ అవుతుందా? దక్షిణాసియాలో మనకు ఇప్పటికీ ఉమ్మడి మానవ హక్కుల కమిషన్ లేదు, కోర్టు లేదు. రేపు మన వంతు వస్తే ఎలా అడగాలో ఇప్పుడే తేల్చుకోవాలి.

పెరాక్ తెలుగు
నేను మలేషియాలోనే పుట్టి పెరిగాను. తోటల్లో పనికని వచ్చిన కుటుంబం మాది. వకీలు గారూ, అక్కడ కూర్చున్నది ఎవరో కూడా చెప్పండి. బ్రూనైలో సుల్తాన్ పాలన, వియత్నాం, లావోస్‌లలో ఒకే పార్టీ, మయన్మార్ అప్పుడప్పుడే సైన్యం నీడలోంచి బయటికి వస్తోంది. కమిషన్‌లో ఏ నిర్ణయానికైనా అందరూ ఒప్పుకోవాలి. ముసాయిదాను వీధిలో పెడితే ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం పట్టుకుని వెనక్కి పోయేవారు. ఇప్పుడు 28వ అధికరణంలో తాగునీరు, పారిశుద్ధ్యం, పరిశుభ్రమైన పర్యావరణం ఉన్నాయి. 1948 నాటి ఐరాస విశ్వ మానవ హక్కుల ప్రకటనలో ఇవి లేవు. ఇది చిన్న విషయమా?

గోదారి గట్టు
ముసాయిదా లీకైంది కదా. కావాల్సినవాళ్లు చదివారు.

ఓరుగల్లు వకీలు
లీకవడం వేరు, ప్రభుత్వం ప్రచురించడం వేరు. లీకైన కాగితం మీద అభ్యంతరం చెబితే 'అది పాతది, ఇప్పుడు మారింది' అంటారు. మన దేశంలో 2014 విధానం ప్రకారం చట్టం ముసాయిదా కనీసం 30 రోజులు జనం ముందుండాలి. అమలు ఎలా ఉన్నా, అడగడానికి ఒక ఆధారం ఉంది. అక్కడ అదీ లేకపోయింది కాబట్టే హక్కులను ఆయా దేశాల పరిస్థితులను బట్టి చూడాలని 7వ అధికరణం వచ్చింది, ప్రజా నైతికత పేరుతో హక్కులకు హద్దులు పెట్టొచ్చని 8వది వచ్చింది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ అసలు కనిపించదు. సంప్రదింపులు సరిగ్గా జరగలేదని అప్పటి ఐరాస మానవ హక్కుల హైకమిషనర్ నవీ పిళ్లై బహిరంగంగానే అన్నారు.

పెరాక్ తెలుగు
ట్రేడ్ యూనియన్ హక్కు 27లో ఉంది. చదివి రాయండి.

ఓరుగల్లు వకీలు
ఆ వాక్యం పూర్తిగా చదవండి. 'జాతీయ చట్టాలు, నిబంధనల ప్రకారం' అని ఉంది. చట్టం వద్దంటే హక్కు లేనట్టే. నా ప్రశ్న ముసాయిదా గురించి, దానికి మీరు జవాబు చెప్పలేదు.

సిక్కోలు
మీరిద్దరూ ముసాయిదా దగ్గరే ఆగిపోయారు. మా తమ్ముడు మలేషియాలో ఒక ఫ్యాక్టరీలో చేశాడు. కంపెనీ పేరు రాయను. దిగిన రోజే పాస్‌పోర్ట్ తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టారు. వాడి చేతికి ఇచ్చింది ఒక జిరాక్స్, దాని మీద కంపెనీ స్టాంపు. అది మడతలు పడి ఫొటో దగ్గర చిరిగిపోయింది. రోడ్డు మీద పోలీసు ఆపితే ఒరిజినల్ ఏదంటాడు. అందుకే ఆదివారం సరుకులకు కూడా బయటికి వెళ్లేవాడు కాదు. జీతం ఆపేసినా నోరెత్తలేదు. కౌలాలంపూర్‌లో మీటింగ్ జరిగిందంటున్నారే, అలాంటివాళ్లను ఆ మీటింగ్‌కి ఎవరు పిలిచారు?

పెరాక్ తెలుగు
సోదరా, బాధగా ఉంది. కానీ వేరేవాళ్ల పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోవడం ఇక్కడ 1966 చట్టం ప్రకారమే నేరం. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేయాల్సింది.

సిక్కోలు
ఎలా చేస్తాడు? పర్మిట్ ఆ యజమాని పేరుతోనే కదా ఉండేది? ఫిర్యాదు చేసిన మర్నాడు యజమాని దాన్ని రద్దు చేయిస్తే వీడు దొంగతనంగా ఉంటున్నవాడి కింద లెక్క. జైలు, ఆ తర్వాత ఇంటికి పంపడం. ఇక్కడ ఏజెంటుకి కట్టిన అప్పు అలాగే ఉంటుంది. అక్కడే పుట్టి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను.

గోదారి గట్టు
కొంచెం నిదానంగా మాట్లాడుకుందాం.

పెరాక్ తెలుగు
తెలియదని నేను అనలేదు. సూటిగా చెప్తాను, కోపం వచ్చినా సరే. మా తోటల్లో తరాలుగా ఉన్నవాళ్లలో ఇంకా పౌరసత్వ కాగితాలు లేనివాళ్లున్నారు. మా లెక్కే తేలలేదు. కాంట్రాక్టు మీద వచ్చి కొన్నేళ్లకు వెళ్లిపోయేవాళ్లను ఈ దేశం ఒప్పుకునే హక్కుల ప్రకటన రాతలో కూర్చోబెట్టమంటే నేను ఒప్పుకోను. వాళ్లను కొట్టకూడదు, జీతం ఎగ్గొట్టకూడదు, అంతవరకు మీతోనే ఉన్నాను. అభిప్రాయం అడగాల్సింది మాత్రం పౌరులనే.

సిక్కోలు
ఇంతసేపూ ఇది చెప్పకుండా బ్రూనై సుల్తాన్ గురించి చెప్పారు. జీతం ఎగ్గొడితే ఎవరికి చెప్పుకోవాలో రాసేటప్పుడు, ఎగ్గొట్టించుకున్నవాణ్ణి అడగకపోతే ఇంకెవర్ని అడుగుతారు?

ఓరుగల్లు వకీలు
ఈ గొడవ మీ ఇద్దరిదే కాదు. వలస కార్మికుల రక్షణకు 2007లో సెబూలో ఆసియాన్ ఒక ప్రకటన చేసింది. దాని అమలుకు ఒప్పందం కుదిరేసరికి 2017 వచ్చింది, మనీలాలో. కార్మికులను పంపే ఫిలిప్పీన్స్, ఇండోనేషియా ఒక వైపు, పనిలో పెట్టుకునే మలేషియా, సింగపూర్ ఇంకో వైపు. పదేళ్లు లాగి తెచ్చిన ఆ కాగితానికీ చట్టబద్ధత లేదు. అక్కడ కనీసం ఫిలిప్పీన్స్ తన మనుషుల కోసం పోట్లాడింది. ఆసియాన్‌లో మన దేశం సభ్యురాలే కాదు, సిక్కోలు తమ్ముడి తరఫున మాట్లాడే ప్రభుత్వం ఆ గదిలో లేదు. అందుకే ముసాయిదా బయట పెట్టాలంటున్నాను. గదిలో లేనివాడు కనీసం చదువుకుంటాడు.

మూసీ ఒడ్డు
మరి దక్షిణాసియాకూ ఇలాంటి హక్కుల ప్రకటన వస్తే, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్లుగా ఉన్న నేపాలీలను మనం అడుగుతామా?

సిక్కోలు
అడగాలి. నేపాలీ భాషలో ముసాయిదా ఇచ్చి మరీ అడగాలి.

పెరాక్ తెలుగు
మీ అపార్ట్‌మెంట్ సంఘం మీటింగ్‌లో ముందు ఆయనకు కుర్చీ వేయించండి. ఆ తర్వాత మలేషియా సంగతి మాట్లాడదాం.

సిక్కోలు
మాది అపార్ట్‌మెంట్ కాదండీ, పలాస దగ్గర పల్లెటూరు. మీరు జవాబు చెప్పాల్సింది మా తమ్ముడికి.