ఏడో నెల చెల్లెలు స్కానింగులో బిడ్డను చూడనంది. ఎవరిని అడగాలి?

పెద్దక్క:

నా చెల్లెలికి ఏడో నెల. సీమంతం కాగానే తొలి కాన్పుకని మా ఇంటికి, గుంటూరు దగ్గర పల్లెకు, తీసుకువచ్చాం. ఇరవై రోజులైంది. పెడితే తింటుంది, అడిగితే బదులిస్తుంది, అంతే. జడ వేసుకోదు. అమ్మ దువ్వెన పట్టుకుని వెంట పడితే తల వంచి కూర్చుంటుంది. సీమంతానికి తొడిగిన గాజులు రెండో రోజే తీసి పెట్టెలో పెట్టేసింది, ఆ చప్పుడు భరించలేనంది. తెల్లవారుజామున మూడింటికి లేచి వరండా మెట్ల మీద కూర్చుంటుంది.

పోయిన వారం స్కానింగులో డాక్టరుగారు తెర ఇటు తిప్పి "ఇదిగో చెయ్యి, చూడమ్మా" అన్నారు. ఇది గోడ వైపు తిరిగింది. నాకు భయం వేసింది అప్పుడే.

పెళ్ళికి రెండేళ్ళ ముందు నుంచి ఆందోళనకు ఎస్సిటాలోప్రామ్ అనే మాత్ర వాడేది. అత్తవారికి ఆ సంగతి చెప్పలేదు. నెల తప్పిందని తెలియగానే ఎవరినీ అడగకుండా తనే మానేసింది. ప్రతి నెలా బరువు, బీపీ, రక్తం అన్నీ చూస్తున్నారు. మనసు ఎలా ఉందని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అమ్మ దిష్టి తీసింది. మా మరిది హైదరాబాదు నుంచి రోజూ ఫోను చేసి ఐరన్ మాత్ర వేసుకుందా అని కనుక్కుంటాడు. నేను దీన్ని ఎవరి దగ్గరికి తీసుకువెళ్ళాలి? ముందు దీన్ని ఏమని అడగాలి?

గోదావరి గట్టు:

అక్కా, కంగారు పడకండి. మా ఆవిడ కూడా ఏడో నెలలో ఊరికే ఏడ్చేది, బిడ్డ పుట్టాక అంతా సర్దుకుంది. మంచి పాటలు పెట్టండి, నలుగురిలో తిప్పండి. పిచ్చి డాక్టరు దగ్గరికి మాత్రం వద్దు. ఆ ముద్ర పడితే అత్తవారింట్లో పోదు.

కాన్పుల వార్డు నర్సు:

గోదావరి గట్టు తమ్ముడూ, మీ ఆవిడ ఏడ్చింది కదా. ఈ అమ్మాయి ఏడవడం కూడా లేదు, గమనించారా?

పెద్దక్కగారూ, నేను ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుల వార్డులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. నీరసం, ఆకలి తగ్గడం, రాత్రి మెలకువ, వీటిని ఒక్కటొక్కటిగా చూసి నేను బెదరను. నెలలు నిండేకొద్దీ అందరికీ ఉండేవే. ఇష్టంగా వేసుకున్నవి భారమవడం, బిడ్డ వైపు చూడకపోవడం, అదీ రెండు వారాలు దాటడం, ఇక్కడ మాత్రం ఆగి అడుగుతాను.

మేము వాడేది దిగులు ఎంత ఉందో చూసే ఎడిన్‌బరో ప్రశ్నల పట్టిక. 1987లో బాలింతల కోసం తయారైంది, ఇప్పుడు గర్భిణులకూ వాడుతున్నారు. పది ప్రశ్నలు, అన్నీ గడిచిన ఏడు రోజుల గురించే. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 30. అలసట, ఆకలి గురించి అందులో అడగరు, నేను పైన చెప్పిన కారణానికే. నిద్ర గురించి అడిగినా, దిగులు వల్ల నిద్ర పట్టడం లేదా అనే అడుగుతారు. 13, ఆపైన వస్తే మానసిక వైద్యుల దగ్గరికి పంపుతాం. 10 దాటితే రెండు వారాల్లో మళ్ళీ పిలుస్తాం. ఆ అంకెతో జబ్బు ఖాయమైనట్టు కాదు, పెద్ద డాక్టరు చూడాలని మాత్రమే.

అయితే ఆ అంకెను నమ్మాలంటే ఎక్కడ కూర్చోబెట్టి అడిగారో తెలియాలి. ఒకామె అత్తగారి పక్కన కూర్చుని అన్నిటికీ "బాగానే ఉన్నానండీ" అంది. 4 వచ్చింది. అత్తగారిని రక్తం రిపోర్టు తెమ్మని కింది అంతస్తుకు పంపి, కుర్చీ దగ్గరికి జరుపుకుని మళ్ళీ అడిగితే 19. మధ్యలో పది నిమిషాలు కూడా గడవలేదు. అప్పటి నుంచి రిపోర్టు నా సొరుగులోనే ఉన్నా సరే, వెంట వచ్చినవాళ్ళను దానికోసం కిందికి పంపుతాను. ల్యాబు వాళ్ళకు నేనంటే మంట.

మన ఆడవాళ్ళు దిగులు అని చెప్పరు. గుండె దడ, ఒళ్ళు మంటలు, తల దిమ్ము అంటారు. అందుకని మీరు "బాధగా ఉందా" అని మొదలుపెట్టవద్దు. "బిడ్డ కదిలినప్పుడు నీకు ఏమనిపిస్తుంది?" అని అడగండి. అడిగి ఊరుకోండి. మధ్యలో ధైర్యం చెప్పవద్దు.

చచ్చిపోవాలని, తనను తాను ఏమైనా చేసుకోవాలని అనిపిస్తోందా అన్నది కూడా ఆ మాటల్లోనే అడగండి. పట్టికలో పదో ప్రశ్న అదే. అడిగితే లేని ఆలోచన పుడుతుందని అందరూ భయపడతారు. పుట్టదు. అవునంటే మొత్తం ఎంత వచ్చిందన్నదానితో పని లేదు, ఆ రోజే వైద్యులకు చూపించాలి, అప్పటిదాకా ఒంటరిగా వదలకూడదు. పల్లె అన్నారు కాబట్టి చెబుతున్నాను, పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఇవాళే వేరేచోటికి చేర్చండి. అర్ధరాత్రయినా 14416కు ఫోను చేయవచ్చు. టెలీ మానస్ అని, మనసు బాగోలేనివాళ్ళ కోసం పెట్టింది, ప్రభుత్వానిదే, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు.

పాత మందు మీరే మళ్ళీ మొదలుపెట్టించవద్దు. అలాగని కడుపుతో ఉంటే ఏ మందూ కుదరదని కూడా అనుకోవద్దు. లాభనష్టాలు చూసి వైద్యులు ఇచ్చేవి ఉన్నాయి, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ లాగా బిడ్డకు చేటు చేసేవీ ఉన్నాయి. ఆ ఎంపిక వారిది. హిమోగ్లోబిన్, థైరాయిడ్ మరోసారి చూపించండి, అవి తేడాగా ఉన్నా మనిషి ఇలాగే అవుతుంది.

మందు అక్కరలేకుండా మాటలతోనే తేలికపడేవాళ్ళూ ఉన్నారు. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గరి పల్లెల్లో మన ఆశా వర్కర్ల వంటివాళ్ళకే ఆ పని నేర్పి, కుంగుబాటుతో ఉన్న గర్భిణుల ఇళ్ళకు పంపారు. 2008లో ఫలితాలు అచ్చయ్యాయి. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి కుంగుబాటు మిగిలినవాళ్ళు 23 శాతం, మామూలుగా పలకరించి వచ్చిన ఊళ్ళలో 53 శాతం. చేసినవాళ్ళెవరూ డాక్టర్లు కారు.

బర్మింగ్‌హామ్ తెలుగమ్మాయి:

ఇక్కడ ఇంగ్లండులో మిడ్‌వైఫ్, అంటే కాన్పులు చూసే నర్సు, మొదటిసారే అడిగింది, నెల రోజులుగా ఆశ లేనట్టు ఉందా, దేని మీదా ఆసక్తి లేదా అని. లేదన్నాను. నా ఇంగ్లీషు అప్పట్లో అంతంత మాత్రం, మావారే పక్కన కూర్చుని తెలుగులో చెబుతున్నారు మరి! ఆయన మంచివారే, అయినా ఆయన నోటితో నా మాట ఎలా పలికించను? అయిదో నెలలో ఫోనులో వేరే దుబాసీని పెట్టించి, ఆయన్ను బయట కూర్చోబెట్టి అడిగారు. గంటసేపు మాట్లాడాను. పెద్దక్కగారూ, మీ మరిదికి చెప్పండి. ఐరన్ మాత్ర గురించి అమ్మను అడగవచ్చు, భార్యతో వేరే మాట్లాడమనండి.

పెద్దక్క:

నిన్న మధ్యాహ్నం మేడ మీద ఇద్దరం వడియాలు పెడుతూ ఉండగా అడిగాను. రెండు వరుసలు పెట్టేదాకా పలకలేదు. తర్వాత, "కదిలినప్పుడల్లా క్షమాపణ చెప్పుకుంటున్నాను అక్కా" అంది. రెండు నెలలు తెలియక ఆ మాత్రలు వేసుకుందట, బిడ్డకు ఏదో అయ్యే ఉంటుందని, తెరలో అదే కనిపిస్తుందని చూడలేదట. చచ్చిపోవాలని లేదంది. రెండుసార్లు అడిగాను. డబ్బాలు మాత్రం చిన్నాన్న కొట్టంలో పెట్టించాను.

గురువారానికి మానసిక వైద్యుల దగ్గర పేరు రాయించాను. పాత మందుల చీటీ దొరకలేదు. అమ్మ తనూ వస్తానంటోంది. తీసుకువెళ్ళమంటారా?

కాన్పుల వార్డు నర్సు:

తీసుకువెళ్ళండి, బయట కూర్చోబెట్టండి. చీటీ లేకపోతే మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ నెలలో మానేసింది, ఒక కాగితం మీద రాసుకోండి. మొన్నటి స్కానింగు రిపోర్టు కూడా పట్టుకెళ్ళండి. అందులో ఏముందో వైద్యుల చేత చదివించి మీ చెల్లెలికే చెప్పించండి.