తూకానికి పోయే చిత్రిక అసలు ధర తెలిసీ నోరు మెదపకుండా కొనొచ్చా?

సానరాయి (చర్చ మొదలుపెట్టినవారు):
మొన్న గురువారం హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో పాత ఇనప సామాను కుప్పలో, కుక్కర్ మూతల కింద, రికార్డ్ కంపెనీ నాలుగో నంబరు చిత్రిక (చెక్కని నున్నగా గీసే రందా) కనపడింది. ఇంగ్లండ్ షెఫీల్డ్ సరుకు. నీలం రంగు చాలావరకు రాలిపోయింది గానీ అడుగు పగల్లేదు, బ్లేడు సగానికి పైగా మిగిలే ఉంది. అమ్మే పెద్దాయన మూడొందల యాభై అన్నాడు. నాతో వచ్చిన మిత్రుడు బేరమాడి రెండొందల ఎనభైకి పట్టాడు. తుప్పు వదిలించి ఆన్‌లైన్‌లో పెడితే నాలుగు వేలకు తక్కువ పోదని మా మిత్రుడికి బాగా తెలుసు.

కొనడం మీద నాకు పేచీ లేదు, బేరం మీదే. పెద్దాయన అడిగిందే పదో వంతు ధర. అందులోంచి కూడా డెబ్బై రూపాయలు గీకడం ఏం పద్ధతి? అడిగినంత ఇవ్వాలి. కుదిరితే "ఇది మంచి సరుకు బాబాయ్, ఇంకోటి దొరికితే ఇంత తక్కువకి ఇవ్వకు" అని ఒక మాట చెప్పాలి అంటాను. మా మిత్రుడేమో "అలా అయితే సంతకి రాకు, షోరూమ్‌కి పో" అని నవ్వాడు. మీరేమంటారు?

గురువారం గిరాకీ:
నేను మీ మిత్రుడి పక్షం. నాలుగు వేలన్నది కుప్పలో పడున్న చిత్రిక ధర కాదు. దాన్ని విప్పి, రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, పొద్దున్నే వంట సోడా నీళ్లతో కడిగి, తడి లేకుండా తుడిచి నూనె రాయాలి. తర్వాత మందపాటి అద్దం మీద ఎమెరీ కాగితం అంటించి అడుగు భాగాన్ని రుద్దుతూ కూర్చోవాలి. మధ్యలో పల్లం ఉంటే ఎంత రుద్దినా అక్కడ మెరుపు రాదు. చేతులు పడిపోతాయి. ఆ కూలి ఎవరిస్తారు?

పైగా ప్రతిదీ బాగుపడదు. బ్లేడు బయటికొచ్చే సందు మూలల్లో సన్నటి పగులు ఉంటుంది, తుప్పు పోయాక గానీ కనపడదు. బ్లేడు వెనకవైపు వాదర (పదును అంచు) దగ్గర తుప్పు గుంటలు లోతుగా ఉంటే ఎంత సాన పట్టినా అంచు పళ్లు పళ్లుగానే వస్తుంది. అలాంటివి నా అటక మీద చాలానే ఉన్నాయి. వాటికి పెట్టిన డబ్బు ఏ పెద్దాయనా వెనక్కివ్వలేదు, నేనూ అడగలేదు.

ఇంకో మాట. ఆ పెద్దాయన కబాడీ వాళ్ల దగ్గర కిలోల లెక్కన కొన్నాడు. ఆయన లెక్కలో మూడొందల యాభై మంచి లాభమే.

యాదాద్రి వడ్రంగి:
అన్నలారా, మీరిద్దరూ ధర దగ్గరే ఆగిపోయారు. ఆ సామాను కుప్పలోకి ఎలా వచ్చిందో ఒక్కరూ అడగలేదు.

రెండు దారులున్నాయి. మొదటిది మా ఇళ్ల నుంచే. ఇప్పుడు పని అంతా ప్లైవుడ్డు, లామినేటు. మిషన్ రందా ఉంటే చేతి రందా ఎవరు తోస్తారు? మా నాన్న పోయాక బాడిస, ఉలులు, మూలమట్టం అన్నీ గోనెసంచిలో మూలన పడి ఉండేవి. మా చిన్నాన్న వాళ్లింట్లో అయితే పాత ఇనుముకే వేసేశారు. దానికి నాకు బాధ లేదు, ఎవరో వాడుకుంటే మంచిదే.

రెండో దారి దొంగతనం. సైట్ మీద సంచి పెట్టి భోజనానికి వెళ్లొస్తే సంచి ఉండదు. నా ఉలుల సెట్ అలాగే పోయింది. తర్వాత గురువారం జుమ్మేరాత్‌లో, ఆదివారం ఎర్రగడ్డ సంతలో తిరిగాను. దొరకలేదు. మేము పిడి కింద ఇనుము మీద పంచ్‌తో గుర్తు కొట్టుకుంటాం, నాది వరసగా మూడు చుక్కలు. కుప్పలో ఆ గుర్తు కొత్తగా గీకేసినట్టు కనపడితే మీరు కొంటారా, వదిలేస్తారా? నాకు కావలసిన జవాబు అది.

లీడ్స్ లలిత:
నేను ఉండేది ఇంగ్లండ్‌లో. ఇక్కడ వేసవి ఆదివారాలు కారు బూట్ సేల్స్ జరుగుతాయి. పొలంలో కార్లు వరసగా ఆపి, డిక్కీ తెరిచి, ఇంట్లో అక్కర్లేనివి అమ్ముతారు. పాత పనిముట్ల డీలర్లు తెల్లవారకముందే టార్చిలైట్లు పట్టుకుని దిగిపోతారు. ఇంకా దింపని డిక్కీలో చెయ్యి పెట్టి మరీ వెతుకుతారు, నాకు ఒళ్లు మండిపోతుంది.

నాకు తేడా అమ్మేవారిలో కనిపిస్తుంది. వ్యాపారి దగ్గర గట్టిగా బేరమాడతాను. మొహమాటం లేదు. కానీ ఒక ముసలావిడ చనిపోయిన భర్త పనిముట్ల పెట్టె పెట్టుకుని కూర్చుంది. కర్ర చిత్రికల ముందువైపు చెక్క మీద యజమానుల పేర్లు అచ్చు కొట్టి ఉన్నాయి. అప్పటి వడ్రంగులు అలా కొట్టించుకునేవారు, చేతులు మారిన కొద్దీ పేరు కింద పేరు చేరేది. చివరిది ఆమె భర్తది. ఒక్కోటి రెండు పౌన్లు అంది. ఆ పక్కనే ఉన్న ఇనప చిత్రిక ఒక్కటే నలభైకి పోతుందని నేనే చెప్పాను. ముప్పైకి ఇచ్చింది. నాకూ లాభమే.

అమ్మడం ఇష్టం లేనివారు ఇక్కడ టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్ అనే సంస్థకి ఇస్తారు. వాళ్లు బాగుచేసి ఆఫ్రికా దేశాల్లో పని చేసుకునేవాళ్లకి పంపుతారు.

నల్లకోటు:
నీతి సంగతి మీరు తేల్చుకోండి, చట్టం సంగతి నేను చెప్తాను. కాంట్రాక్ట్ చట్టం, 1872, సెక్షన్ 17 వివరణ ప్రకారం ఉత్త మౌనం మోసం కాదు. అందులోని ఒక ఉదాహరణ అచ్చం మన కేసే. ఇద్దరు వర్తకులు బేరం చేసుకుంటున్నారు, ధరలు మారాయన్న కబురు ఒకడికే తెలుసు. రెండోవాడికి చెప్పాల్సిన బాధ్యత అతనికి లేదు.

అదే సెక్షన్‌లో గుర్రం కథ ఉంది. ఒకడు వేలంలో గుర్రం అమ్ముతాడు, దానికి లోపం ఉందని తెలిసీ చెప్పడు. మోసం కాదు. కొనేది ఈమధ్యే మేజరైన తన కూతురే అయితే మాత్రం చెప్పి తీరాలి, ఎందుకంటే ఆ బంధంలో నమ్మకం ఉంది. ఆ ముసలావిడ లలిత గారికి కూతురూ కాదు, తల్లీ కాదు. చట్టం ఆమెను కాపాడదు, లలిత గారు కాపాడారు.

వడ్రంగి గారి ప్రశ్న వేరే. వస్తువుల అమ్మకం చట్టం, 1930, సెక్షన్ 27 ప్రకారం మామూలుగా అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి రాదు. దొంగ సొత్తు ఎన్ని చేతులు మారినా అసలు యజమానిదే. దొంగదని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ, దురుద్దేశంతో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317 కింద నేరం, పాత ఐపీసీలో అది 411. గీకేసిన గుర్తు "నమ్మడానికి కారణం" అవుతుందా అంటే, కోర్టులో ఆ ప్రశ్న మీకు ఎదురయ్యే స్థితి తెచ్చుకోకండి.

తుప్పు రాముడు:
చెప్పడం మంచిదే అనేవాళ్లకి నా అనుభవం. ఎర్రగడ్డలో ఒకాయనకి "డిస్‌స్టన్ రంపం ఇది, అమెరికా సరుకు, చూడు పిడిలో ఇత్తడి బిళ్ల మీద పేరుంది" అని ముచ్చటపడి చెప్పాను. తర్వాత వెళ్లేసరికి ఆయన దగ్గరున్న ప్రతి తుప్పు రంపం రెండు వేలు! ఇత్తడి బిళ్ల ఉంటే చాలు అనుకున్నాడు. పళ్ల వైపు నుంచి కంటి వరసలో పెట్టి చూస్తే ఒకటి పాములా మెలికలు తిరిగి ఉంది, దాని ధరా రెండు వేలే. ఆ రంపాలు ఎన్నో వారాలు ఎండకి అక్కడే పడి ఉన్నాయి. చివరికి పాత ఇనుముకే పోయి ఉంటాయి. నా మాట వల్ల ఆయనకి ఒరిగిందేమిటి?

సానరాయి:
రాముడు గారూ, మీరు పేరు చెప్పారు, ఎలా చూడాలో చెప్పలేదు. కంటి వరసలో పెట్టి చూడటం కూడా నేర్పించి ఉంటే ఆ రంపాల్లో మంచివి వేరే కుప్ప అయ్యేవి. అయినా నేను పాఠాలు చెప్పమనడం లేదు. మూడొందల యాభై అడిగితే మూడొందల యాభై ఇవ్వమంటున్నాను, అంతే. నల్లకోటు గారూ, మీ ఉదాహరణలో ఇద్దరూ వర్తకులు. మా మిత్రుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సరదాకి కొంటాడు. ఆ పెద్దాయన అద్దె కట్టుకోవాలి.

గురువారం గిరాకీ:
బేరమాడకుండా అడిగినంత చేతిలో పెడితే పెద్దాయనకి ఆ రాత్రి నిద్ర పట్టదు, "ఇంకా ఎక్కువ చెప్పాల్సింది" అని. మర్నాటి నుంచి కళ్లజోడు పెట్టుకున్న ప్రతివాడికీ రెట్టింపు చెప్తాడు. మొదటి ధర చెప్పేటప్పుడే తగ్గించబోయేది కలిపి చెప్తారు సార్, మూడొందల యాభైలో ఆ డెబ్బై ముందే ఉంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మనవాళ్లు ఊరికే అనలేదు. నేను వాడు అడిగిందాంట్లో కొంత తగ్గిస్తాను, తర్వాత చాయ్ తాగిస్తాను. అక్కడే కూర్చుని కబుర్లు చెప్తే ఇలాంటి సరుకు వచ్చినప్పుడు నాకోసం పక్కన పెడతాడు. మీ డెబ్బై రూపాయల దానం కంటే ఆ వాడుక ఇద్దరికీ మేలు.

లీడ్స్ లలిత:
వాడుక సరే, ఆ పక్కన పెట్టినది ఎక్కడిదని ఎప్పుడైనా అడిగారా గిరాకీ గారూ? వడ్రంగి గారి ప్రశ్నకి మీరింకా జవాబు చెప్పలేదు.

గురువారం గిరాకీ:
అడుగుతాను. "ఇళ్లు ఖాళీ చేసినోళ్లవి" అంటారు, ఎప్పుడూ అదే మాట. తిరగేసి అడిగితే మొహం మాడ్చుకుంటారు. గుర్తు గీకినవి నేను కొనను. గుర్తు ఉన్నవి కొంటాను, ఉలి మీద పాత పంచ్ గుర్తు ఉండటం మామూలే కదా.

యాదాద్రి వడ్రంగి:
మామూలే అన్నా. కానీ పాత గుర్తులో తుప్పు నిండి ఉంటుంది, వాడుకలో ఉన్న ఉలి మీద గుర్తు లోపల కూడా ఇనుము తెల్లగా ఉంటుంది. పిడి చూడండి. ఏళ్ల తరబడి మూలన పడున్న దాని పిడి ఎండి పగులుతుంది. నిన్నటిదాకా చేతిలో ఉన్నదైతే చెమటకి నున్నగా నల్లబడి ఉంటుంది, వాదర కూడా తాజాగా సాన పట్టి ఉంటుంది. పని చేసేవాడు సాన పట్టిన ఉలిని ఊరికే తూకానికి వేయడు. అలాంటిది కనపడితే ధర ఎంతైనా వదిలేసి, ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. మా వాళ్ల వాట్సాప్ గ్రూపులో నేను తిప్పుతాను.

సానరాయి గారూ, మీరు చెప్పిన రికార్డ్ రందా మీద గుర్తేమైనా ఉందా? మీ మిత్రుణ్ని అడిగి చెప్పండి.

సానరాయి:
అడిగాను. పక్క మీద రెండు అక్షరాలున్నాయట, నిండా తుప్పు పట్టి ఉన్నాయి. ఫొటో రాత్రికి పెడతానన్నాడు. బేరం సంగతి మాత్రం నేను ఒప్పుకోలేదు, గిరాకీ గారూ.