అప్‌డేట్: ఎంపీ3, ఏఏసీ, ఓపస్ మూడూ విని చూశా

మొన్న అడిగా కదా, ఇంట్లో ఉన్న కర్ణాటక కచేరీల సీడీలన్నీ ఫోన్‌లోకి ఎక్కించడానికి ఏ ఫార్మాట్ బెటర్ అని, చాలామంది ఏబీఎక్స్ టెస్ట్ (ఏది ఏదో తెలీకుండా ఒరిజినల్‌తో పోల్చి వినడం) చేసుకోమన్నారు, చేశా. సీడీలు ముందు ఫ్లాక్‌లోకి (క్వాలిటీ ఏమాత్రం పోని ఫార్మాట్) రిప్ చేసి, అందులోంచే మూడు ఫార్మాట్లూ తయారుచేసి, ఏది ప్లే అవుతుందో తెలీకుండా ఫూబార్2000 అనే ప్లేయర్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా.

128 కేబీపీఎస్ (సెకనుకి 128 కిలోబిట్లు) దగ్గర ఎంపీ3 దొరికిపోయింది. గాత్రం, వీణ దగ్గర నాకేం తేడా తెలీలేదు గానీ తని ఆవర్తనంలో (తాళవాద్యాల సోలో) ఘటం మీద దెబ్బ పడే ముందే సన్నగా 'ఉస్స్' అని వస్తోంది, అదే ప్రీ ఎకో. సౌండ్‌ని బ్లాకులుగా కోసి కుదిస్తారు కాబట్టి బ్లాక్ మధ్యలో దెబ్బ పడితే కుదించడంలో పుట్టే నాయిస్ బ్లాక్ మొత్తం పరుచుకుని దెబ్బకి ముందు కూడా వినపడుతుంది. చిన్న బ్లాకులకి మారే ఏర్పాటు ఎంపీ3లోనూ ఉంది, కానీ ఘటానికి అది సరిపోలేదు.

అదే 128లో ఏఏసీ, ఓపస్ రెండూ ఒరిజినల్ నుంచి విడదీసి చెప్పలేకపోయా, నిజంగా చాలా సంతోషమేసింది. లేమ్ అనే ఎంపీ3 ఎన్‌కోడర్‌లో వీ0 అనే హై క్వాలిటీ సెట్టింగ్ పెడితే ఎంపీ3 కూడా అంతే, కాకపోతే ఫైల్ దాదాపు డబల్ అవుతుంది.

ఫోన్‌కి ఓపస్ 128 ఫిక్స్. కారు స్టీరియో పాతది, ఓపస్ చదవదు, దానికి వీ0. ఒక్కటి మాత్రం దయచేసి చేయకండి, పాత ఎంపీ3లని ఓపస్‌కి మార్చకండి, పోయింది తిరిగి రాదు సరికదా ఇంకొంచెం పోతుంది. ఫ్లాక్ కాపీలు హార్డ్ డిస్క్‌లో దాచా. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండీ.