వృక్షంబునకు "నెంత"నా, "నంత"నా?

పాలకొల్లు:
వేమన ఆటవెలదిలో మూడో పాదం "విత్తనంబు మర్రి వృక్షంబునకు నెంత". అచ్చులో ఇలాగే ఉంది. కానీ మా వైపు పాతవాళ్ల నోట చివర "నంత" అని పలుకుతుంది. అది నోటి జారుడా, లేక ఏదైనా పాత ముద్రణలోనో తాళపత్రంలోనో ఆ పాఠం ఉందా? పై రెండు పాదాలూ అందరికీ వచ్చినవే, వాటి భావం చెప్పక్కర్లేదు. నా గొడవ ఆ ఒక్క అక్షరంతోనే.

తణుకు:
ఛందస్సు ఇక్కడ సాక్ష్యానికి రాదండి. "విత్త - నంబు - మర్రి" మూడూ హగణాలు, "వృక్షంబు" తగణం, "నకు నెంత" సలం. "నకు నంత" అన్నా సలమే. యతి వి-వృ దగ్గరే తీరిపోయింది. ఆ "న" కూడా ఎవరి సొత్తూ కాదు, "వృక్షంబునకున్"లో ద్రుతం. తగవల్లా దాని తర్వాతి అచ్చు మీదే. వ్యాకరణం మాత్రం "ఎంత" పక్షం. "దానికి ఇదెంత" అనడం నిండు వాక్యం. "దానికి ఇదంత" అన్నామనుకోండి, ముందు ఒక "ఎంత" లేకపోతే గాలిలో వేలాడుతుంది.

రాజోలు:
"అంత మాటన్నాడు" అంటాం, అప్పుడు "ఎంత" ఎక్కడుందండీ మాస్టారూ? నా ఓటు "నంత"కే. విత్తనం చెట్టంత అని అర్థం. చెట్టుకు కావలసిన సమాచారమంతా విత్తులో ఉందన్నది పాఠ్యపుస్తకం మాట. వరినే తీసుకోండి. ఒక వరసకు 12 క్రోమోజోములు, సుమారు 39 కోట్ల డీఎన్ఏ అక్షరాలు. 2005లో అంతర్జాతీయ బృందం ఆ క్రమమంతా ప్రచురించింది. పదకొండో క్రోమోజోము పనిలో మన దేశానికీ వాటా ఉంది. పిండంలో ఉన్న ఆ రాతే వేరులో, ఆకులో, కంకిలో ప్రతి కణంలోనూ ఉంటుంది. ఇక "ఎంత" అని అడగడానికి మిగిలిందేముంది?

మారుటేరు రోడ్డు:
"ప్రతి కణంలోనూ" అనేశారు గానీ విత్తనమంటే ఒకే సరుకు కాదు కదండీ. వరి గింజ పిండంలో 24 క్రోమోజోములు, పక్కనే ఉన్న అంకురచ్ఛదంలో, అంటే మొలకకు తిండి దాచిన పిండి భాగంలో, 36, అంటే మూడు వరసలు. పైగా ఆ పిండి కణాలు గింజ ముదిరేసరికే చచ్చిపోయి ఉంటాయి. మనం వండుకు తినేది ఆ చచ్చిన కణాల పిండినే. గింజలో బతికున్నవి రెండే: మూలనున్న పిండం, తవుడుతో పాటు పోయే అల్యూరోన్ పొర. మర పట్టిన బియ్యం మొలవదంటే కారణం అదే, పిండం ఊడిపోయింది.

రుజువు కావాలంటే వడ్లు పొట్టు తీసి, గింజను అడ్డంగా రెండు ముక్కలు చేయండి. గంజి కలిపి పల్చగా గడ్డకట్టించిన అగర్ పళ్లెంలో రెండు రకాల ముక్కలనూ, కోసిన ముఖం కిందికి ఆనేలా విడివిడిగా పెట్టండి. రెండు మూడు రోజులయ్యాక ముక్కలు తీసేసి పల్చటి అయోడిన్ పోయండి. పిండం ఉన్న ముక్క కింద నీలం రాకుండా తెల్లటి వలయం మిగులుతుంది. పిండం లేని ముక్క కింద నీలమే. పిండం పంపిన జిబ్బరెల్లిన్ అనే హార్మోను అందితేనే అల్యూరోన్ కణాలు పిండిని విడగొట్టే ఎంజైమ్ ఆల్ఫా అమైలేజ్‌ను తయారుచేస్తాయి, అప్పుడే పిండి చక్కెరగా మారుతుంది. పిండం లేని ముక్కకు మనమే జిబ్బరెల్లిన్ చుక్క ఇస్తే అక్కడా వలయం వస్తుంది. గింజను ముందు బ్లీచింగ్ ద్రావణంలో శుభ్రం చేయకపోతే బూజు తానే గంజిని తినేసి అబద్ధపు వలయం చూపిస్తుంది. అక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు.

భీమవరం:
దీనికి పళ్లెం, అయోడిన్ దేనికండీ? మండె కట్టిన, అంటే నానిన విత్తనం మొలకెత్తడానికి మూటగట్టిన, గోనెసంచిలో చెయ్యి పెడితే చాలు, కణాలు పని మొదలెట్టాయో లేదో తెలుస్తుంది. దంప నారుమడికి లెక్క: ఎకరా నాటుకు 20 నుంచి 25 కిలోల విత్తనం, 5 సెంట్ల మడి. కిలో విత్తనానికి లీటరు నీళ్లు, అందులో ఒక గ్రాము కార్బెండిజమ్ అనే శిలీంద్రనాశిని. 24 గంటలు నానబెట్టి, నీళ్లు ఒంపేసి, 24 గంటలు మండె కట్టాలి. తడి గోనె, పైన గడ్డి, దాని మీద బరువు.

నానినంత మాత్రాన గింజ బతికుందని కాదు. చచ్చిన గింజ కూడా నీళ్లు పీలుస్తుంది, అది వట్టి భౌతిక చర్య. తర్వాత కొన్ని గంటలు నీటి పీల్పు ఆగినట్టే ఉంటుంది. ఎండిపోయినప్పుడు దెబ్బతిన్న డీఎన్ఏకు మరమ్మతు, మైటోకాండ్రియా మళ్లీ తిరగడం, దాచుకున్న ఆర్ఎన్ఏ నుంచి మొదటి ప్రోటీన్లు, అన్నీ అప్పుడే. ఈ దశలో ఆరిపోయినా గింజ తట్టుకుంటుంది. ముక్కు పగిలాక, అంటే మొలక బయటికి వచ్చాక, ఆరితే ఇక లేదు. చల్లడం రెండు రోజులు వాయిదా పడేలా ఉంటే ఈ గీత గుర్తుంచుకోవాలి.

సంచిలో వేడి ఎక్కడిదంటే శ్వాసక్రియదే. చక్కెరలోని శక్తిలో సగానికన్నా తక్కువే కణం వాడుకునే ఏటీపీగా దక్కుతుంది, మిగతాది వేడి. 30-35 డిగ్రీలు మంచివే. 40 దాటితే పిండానికి ముప్పు. మధ్యలో ఒకసారి తిరగేసి నీళ్లు చిలకరించేది ఇందుకే. పుల్లటి వాసన, జిగురు తగిలాయంటే లోపల గాలి ఆడక కిణ్వనం మొదలైందని.

తణుకు:
అయితే "మండె" "మండు" నుంచే వచ్చిందంటారా?

భీమవరం:
వేడి సంగతి నాది, చుట్టరికం సంగతి మీదండి.

పాలకొల్లు:
పాఠభేదం సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

కాకినాడ:
ఎత్తుతున్నానండి. నేను "ఎంత" వైపు, వ్యాకరణంతో నిమిత్తం లేకుండా. రాత అంతా ఉన్నంత మాత్రాన చెట్టు అంతా ఉన్నట్టు కాదు. అదే వరి విత్తును గాలి ఆడే తడి నేలలో వేస్తే ముందు వేరు వస్తుంది. నీళ్లలో ముంచితే వేరు ఆగిపోయి ప్రాంకుర కంచుకం, అంటే లేత ఆకును కప్పి ఉంచే గొట్టం, ముందు పైకి సాగుతుంది. అక్కడ కొత్త కణాలు పుట్టేది తక్కువ, ఉన్నవే నిలువునా సాగుతాయి. ఆక్సిజన్ లేనిచోట ఒక గ్లూకోజుకు 30 దాకా రావలసిన ఏటీపీలు 2కి పడిపోతాయి. ఆ కాస్త సంపాదనతో గాలి అందే దాకా గొట్టం ఒకటి పైకి పంపడమే దాని ఎత్తుగడ. అందుకే మొలకలు చల్లిన మడిలో పల్చటి నీటి పొర చాలు. లోతుగా నిలవ పెడితే వేరు నేల పట్టక, గాలి వీచిన మూలకు మొలకలన్నీ కొట్టుకుపోతాయి.

మన స్వర్ణ సంగతి చూడండి. మారుటేరులో పుట్టిన ఎంటీయూ 7029, 1982 నాటి రకం. సార్వాలో (ఖరీఫ్‌లో) డ్రెయిన్లు పొంగి చేను మునిగితే ఆకుల్లో ఇథిలీన్ అనే హార్మోను వాయువు పేరుకుంటుంది. నీటిలో వాయువుల కదలిక గాలిలో కన్నా పదివేల రెట్లు నెమ్మది, అందుకని బయటికి పోలేదు. మామూలు స్వర్ణ కణాలు ఆ కబురందగానే సాగడం మొదలెట్టి, దాచుకున్న పిండి ఖర్చు చేసేసి, నీరు తీశాక కూలబడిపోతాయి. ఒడిశా దేశవాళీ ఎఫ్ఆర్ 13ఎ నుంచి తెచ్చిన సబ్1ఎ జన్యువు ఉన్న స్వర్ణ అదే ఇథిలీన్ కబురు విని ఎదుగుదల ఆపుకుంటుంది, రెండు వారాల దాకా ఓర్చుకుంటుంది. జన్యువు గుట్టు 2006లో తేలింది, స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. లోతునీటి వరి రకాలు దీనికి పూర్తిగా ఎదురు, రోజుకు 20 సెంటీమీటర్ల పైన కూడా సాగి తల బయట పెడతాయి. కబురు ఒకటే, బదులు వేరు. చెట్టు ఎంతవుతుందో నీళ్లొచ్చాకే తెలిసేటప్పుడు విత్తును "అంత" అని ఎలా అంటాం?

రాజోలు:
ఆ బదులు కూడా రాతలో ఉన్నదే కదండీ. సబ్1ఎ ఎక్కడిది, విత్తులోది కాదూ? ఇక కోనసీమ సాక్ష్యం వినండి. లేత బోండాం నీళ్లు కూడా అంకురచ్ఛదమే, కాకపోతే కణకవచాలు కట్టని దశ. కేంద్రకాలు విడిపోతూ నీటిలోనే తేలుతుంటాయి. కాయ ముదిరేకొద్దీ గోడలు కట్టుకుంటూ పెంకు లోపలి అంచున మీగడగా, తర్వాత కొబ్బరిగా పేరుకుంటాయి. ఆ నీళ్లలో కణవిభజనను తట్టిలేపే పదార్థాలున్నాయి. 1941లో వాన్ ఓవర్‌బీక్ బృందం ఉమ్మెత్త పిండాలను విడదీసి కొబ్బరినీళ్లు కలిపిన మాధ్యమంలో పెంచింది. 1958లో స్టీవర్డ్ బృందం కొబ్బరినీళ్ల మాధ్యమంలోనే క్యారెట్ దుంప కణాల నుంచి నిండు మొక్కలు రప్పించింది. విత్తు దాకా ఎందుకు, దుంపలో కణానికే మొక్కంత సత్తా ఉంది. నంత! ఆయ్!

మారుటేరు రోడ్డు:
మరి ఆ కణం దుంపలో ఉన్నన్నాళ్లూ మొక్క ఎందుకు కాలేదండీ? కొబ్బరినీళ్లు పడితే గానీ కాలేదు. అదే వేమన "చూడ చూడ రుచుల జాడ వేరు" అన్నాడు. డీఎన్ఏ చూడబోతే ఒకటే, వేరు కణం రుచి వేరు, ఆకు కణం రుచి వేరు. ఏ జన్యువు తెరుచుకుంది, ఏది మూసుకుంది అన్నదే జాడ.

తణుకు:
అక్కడ ఉప్పు కర్పూరాల పోలికతో పురుషులలో పుణ్యపురుషులను వేరుచేశాడు గానీ ఆకుల్ని, వేళ్లని కాదు. దానికి తోడు ఆ పద్యంలో "ఎంత" లేదు. ఇక్కడ చూడవలసింది ఛాందోగ్యంలో మర్రిపండు. ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు పండు చిదమమంటాడు, విత్తు చిదమమంటాడు, ఏం కనబడుతోందంటే కొడుకు ఏమీ లేదంటాడు. ఆ ఏమీ కనబడని దాని నుంచే ఇంత చెట్టు అని తండ్రి మాట. "నంత" వాళ్లకు బలం కావాలంటే అది అక్కడ ఉంది, క్యారెట్‌లో కాదు.

కాకినాడ:
చిదిమితే కనబడకపోవడానికి కారణముంది, అందులో నిల్వ సరుకు నామమాత్రం. కొబ్బరికాయలో మొలకకు నెలల తరబడి తిండి ఉంటుంది. టెంకాయ పగిలినప్పుడు దొరికే కొబ్బరి పువ్వు, లోపలి కొబ్బరిని కరిగించి పీల్చి మొలకకు అందించే బీజదళమే. మర్రి విత్తుకు ఆ భాగ్యం లేదు. మొలిచిన వెంటనే వెలుతురు చూసి తన తిండి తాను వండుకోవాలి. అందుకే మన గట్ల మీద మర్రి తాటిమట్టల సందుల్లో ఎక్కువగా నిలబడుతుంది. పిట్ట రెట్టతో పడ్డచోట కాస్త దుమ్ము, తడి, వెలుతురు మూడూ దొరుకుతాయి. తర్వాత ఊడలు దిగి నేల పట్టుకున్నాక తాడి గతి మీకు తెలుసు. కవి కొబ్బరిని కాదని మర్రిని పట్టుకున్నాడంటే చిన్నతనం చూపించడానికే, అంటే "ఎంత".

రాజోలు:
కొబ్బరి పెడితే గణం కుదరదని మర్రి పెట్టాడేమో.

తణుకు:
"విత్తనంబు తాటి" అన్నా గణం కుదురుతుంది. కాబట్టి మర్రి ఏరికోరి పెట్టిందే. ఇది మాత్రం కాకినాడ గారికి ఒప్పుకోవాలి.

భీమవరం:
ఎవరూ నిద్రావస్థ మాట తేలేదు. సార్వాలో కోసిన విత్తనం వెంటనే దాళ్వాకు (రబీకి) వాడితే కొన్ని రకాలు ఎంత నానబెట్టినా ముక్కు పగలవు. రాత అంతా ఉంది, నీరుంది, వేడుంది, అయినా లేవదు. లోపల నిద్రపుచ్చే హార్మోను అబ్‌సిసిక్ ఆమ్లం బిగించి పట్టుకుని ఉంటుంది, జిబ్బరెల్లిన్ మాట చెల్లదు. దానికి లీటరు నీటికి గాఢ నత్రికామ్లం, నిద్ర తక్కువున్న రకానికి 6.3 మి.లీ., ఎక్కువున్నదానికి 10 మి.లీ. కలిపి 24 గంటలు నానబెట్టి, బాగా కడిగి మండె కట్టాలి. ఆమ్లాన్ని నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో కాదు. ప్లాస్టిక్ తొట్టెలోనే, చేతులకు తొడుగులతో. దాళ్వా చలిలో మండె బాగా వేడెక్కదు, గోరువెచ్చని నీళ్లు చల్లి గడ్డి మందంగా కప్పాలి. మడి మీద రాత్రి పాలిథిన్ పట్టా వేసి పొద్దున్నే తీసేయాలి. తీయడం మరిచిపోతే ఎండెక్కాక లోపలే ఉడికిపోతుంది.

రాజోలు:
చూశారా, పడుకున్నది లేస్తుంది గానీ లేనిది లేవదు. నంత.

మారుటేరు రోడ్డు:
ఆమ్లం పోస్తే గానీ లేవనిది "అంత" ఎలాగవుతుందండీ.

పాలకొల్లు:
మళ్లీ అడుగుతున్నా. "నంత" పాఠం అచ్చులో చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? క్రోమోజోములు వద్దు, పుట సంఖ్య చాలు.

తణుకు:
పుట సంఖ్య చెప్పేదాకా అది నోటి మాటేనండి. ఇంకొకటి చూడండి. వెనకటి "కు"లో ఉకారాన్ని తేల్చి పలికి, "నె"ను గబుక్కున మింగేస్తే చెవికి "నంత" అనే అందుతుంది. పాడి చూసుకోండి, "వృక్షంబునకు న్..."

రాజోలు:
పాడాను. "నంత" అనే వస్తోంది.

కాకినాడ:
మారుటేరు గారూ, ఆ అగర్ పళ్లేనికి గంజి ఎంత శాతం? అల్యూరోన్ ముక్కకు జిబ్బరెల్లిన్ ఇచ్చేటప్పుడు కాల్షియం కలపాలా?

మారుటేరు రోడ్డు:
గంజి అర శాతం లోపే ఉంచండి, ఎక్కువైతే వలయం అంచు తెలియదు. కాల్షియం తప్పకుండా కలపండి. అమైలేజ్ నిలకడగా ఉండాలన్నా, కణం దాన్ని బయటికి వదలాలన్నా అది కావాలి. కాల్షియం క్లోరైడ్ 10 మిల్లీమోలార్ సరిపోతుంది.