‘దా’ దగ్గర తెగిన మాట

మిత్రులకు నమస్కారం. పోతనగారి ఈ పద్యం అందరికీ తెలిసిందే.

“అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దా
పల మందారవనాంతరామృత సరః ప్రాంతేందు కాంతోపలో...”

చిన్నప్పటి నుంచీ నాకు ఇది కంఠతా వచ్చు. ‘దాపల’ అంటే ‘దాపున’, అంటే దగ్గర అనుకుంటూ వచ్చాను. నిజానికి ఆ మాట సరిగ్గా చెవిన పడిందీ లేదు. పాదం ‘దా’ దగ్గర ఆగుతుంది, ఊపిరి తీసుకుని ‘పల మందార’ అని ఎత్తుకుంటాం. రాగం తీస్తే మాట రెండు ముక్కలై పోతుంది.

మొన్న పోతన భాగవతం దశమస్కంధంలో కృష్ణుడు గోపబాలురతో చల్దులు తినే పద్యం చదువుతున్నాను. కొమ్ము బూర, బెత్తం ‘డాచంక నిఱికి’ అని ఉంది. ‘డాచంక’ ఏమిటో తెలియక నిఘంటువు తీశాను. ‘డా’ అంటే ఎడమ. ఆ కిందే డాకాలు, డాకేలు, డాపల. పద్యంలో తర్వాతి పాదానికి వస్తే చల్దిముద్ద ‘డాపలి చేత’ ఉంది! సంస్కృత మూలంలోనూ అక్కడ ‘వామే పాణౌ’ అనే ఉంది, ఎడమచేతిలో అని. డాపల, దాపల ఒకటే మాట.

ఇక ‘అల వైకుంఠపురంబులో’ ఉన్న గజేంద్రమోక్షం తెరవకుండా ఉండలేకపోయాను. ఇన్నేళ్లూ ‘దగ్గర’ అనుకున్నది ‘ఎడమ పక్కన’ అయ్యేసరికి పద్యం మొత్తం ఒక ఇంటికి దారి చెప్పినట్టు వినిపించింది. వైకుంఠపురం, అందులో రాజనగరు, అందులో ఆ మూల మేడ, దానికి ఎడమ పక్కన మందారవనం, వనం లోపల అమృత సరస్సు, దాని ఒడ్డున చంద్రకాంత శిల, ఆ పైన కలువల పాన్పు. ‘దగ్గర’ అంటే ఏదో ఒక వైపు. ‘ఎడమ’ అంటే కవి ఆ చోటు చూసి చెబుతున్నట్టు! అక్కడ ఏనుగు ప్రాణం పోతోంది, ఇక్కడ కవి స్వామి ఎక్కడున్నాడో గుర్తులతో సహా చెబుతున్నాడు. నాకు ఒళ్లు పులకరించింది.

ఒక అనుమానం మాత్రం ఉంది. అది ‘పల’ ప్రాస కోసం వచ్చిన మాట కాదు కదా?

స్పందన: ప్రాస అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం కలవడం. ఇక్కడ అది అడిగేది ‘ల’ ఒక్కటే, అల, పల, త్పల, హ్వల. కాబట్టి ప్రాసే ఈ మాట తెచ్చిందనలేం. అయితే కుడి వైపుకు ఉన్న మాట ‘వలపల’. ఈ పద్యం మత్తేభ వృత్తం, అందులో పాదం చివర గురువు (దీర్ఘంగా పలికే అక్షరం) ఉండాలి గనుక అది అక్కడ ఇమడదు, ‘దా’ ఇముడుతుంది. ఛందస్సు పాత్ర కొంత ఉందనే నా అభిప్రాయం. ఇంకో సంగతి, కాడికి ఎడమ వైపు కట్టే ఎద్దును రైతులు ‘దాపటెద్దు’ అంటారు, కుడి వైపుది ‘వలపటెద్దు’. కొన్నిచోట్ల ‘ఎలపటెద్దు’ అని కూడా.

ధన్యవాదాలండీ. దాపటెద్దు మాట విన్నాను గానీ ఈ పద్యంతో ఎప్పుడూ కలపలేదు. ఛందస్సు గురించి మీరన్నది ఒప్పుకుంటాను. ఇక ‘ఆ మూల సౌధం’ సంగతి మిగిలింది. ఆ మూలన ఉన్న మేడా, లేక ‘మూలసౌధం’ అంటే ప్రధానమైన మేడా? నా మనసు రెండోదాని వైపే ఉంది. ఎడమ అని చెప్పాలంటే నడిమధ్య ఒక పెద్ద మేడ ఉండాలి కదా. మీరంతా ఎలా చదువుతారు? చెప్పేముందు ఒక్కసారి ‘దా’ దగ్గర ఆగకుండా చదివి చూడండి.