అప్‌డేట్: ఎడిన్‌బరో పెరటిలో కార్న్‌ఫ్లవర్ విత్తనాలు ఎప్పుడు వేయాలి?

స్కాట్లండ్‌లోని మా ఎడిన్‌బరో పెరటిలో కార్న్‌ఫ్లవర్ అనే నీలిపూల మొక్క విత్తనాలను సెప్టెంబరులోనే వేయాలా, ఏప్రిల్ దాకా ఆగాలా అని నేను అడిగినప్పుడు సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మడిని రెండు భాగాలు చేసి రెండు కాలాల్లోనూ వేసి చూడమన్న సూచనతోనే విషయం తేలింది. సెప్టెంబరు ఆరంభంలో సెంటీమీటరు లోతున, వెలుతురు తగలకుండా మట్టి కప్పి నేరుగా మడిలో వేసినవి శీతాకాలమంతా నేలనంటిన ఆకుల గుత్తులుగా నిలిచి, జూన్ మొదట్లోనే నడుమెత్తు పెరిగి విరగబూశాయి. ఏప్రిల్‌లో వేసినవి పొట్టిగానే ఉండి జూలైలో పూశాయి. మొదటివి వాడే వేళకు ఇవి అందుకోవడం నాకు నచ్చింది. ఈ మొక్క గడ్డకట్టే చలిని తట్టుకుంటుంది కనుక గుడ్డ కప్పే అవసరం రాలేదు, ఎరువూ అక్కరలేకపోయింది. కుండీల్లో మొలిపించి మార్చినవి మాత్రం, తల్లివేరు కదిలినందువల్ల కాబోలు, కోలుకోలేదు. నీరు నిలిచే నేల ఉన్నవారు వసంతం వరకు ఆగడమే మేలు.